బాపు ఫోన్‌లో జైనూరు మెయిల్

బుధవారం పొద్దున చాయ్ తాగుతూ సదానందం ఫోన్‌ను మూడుసార్లు అంగీ జేబులోంచి తీశాడు. మూడుసార్లూ చూడకుండానే మళ్ళీ జేబులో వేశాడు. నాలుగోసారి తీయబోతే చాయ్ ఒలికి తొడ మీద పడింది. అబ్బా అనడానికి కూడా తీరిక లేనివాడిలా కాలినచోట అరచేత్తో అద్దుకుని ఊరుకున్నాడు.

గడప పక్కన చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్న నర్మద తల ఎత్తలేదు. తల ఎత్తకుండానే ఇల్లంతా చూడటం ఆమెకు ఇరవై ఆరేళ్ళ కాపురంలో పట్టుబడిన విద్య.

"ఏంది, ఫోన్ల చీమలు జొర్రినయా?" అని అడిగింది.

"టైం చూస్తున్న."

"గోడకు గడియారం లేదా?"

"అది పది నిమిషాలు ముందు ఉరుకుతది."

"పది నిమిషాలు ముందు పనికి పోతె నీదేం పోతది" అంటూ ఆమె బీడీ మూతి మలిచి పక్కన పడేసింది.

ఫోన్‌లో చీమలు లేవు గాని, అంతకంటే ఎక్కువ కుట్టేది ఒకటుంది. సోమవారం పదకొండు గంటలకు వచ్చిన మెయిల్ అది. అది వచ్చిన సంగతి ఇంట్లో ఒక్క సదానందానికే తెలుసు.

సదానందం సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. సాంచా అంటే మరమగ్గమే. కాకపోతే సిరిసిల్లలో మరమగ్గం అని పలికేవాడు పేపరు వార్త చదువుతున్నవాడే అయి ఉంటాడు. ఎనిమిదేళ్ళ కింద ఆ ఇంటికి మొదటి టచ్ ఫోన్ వచ్చినప్పుడు ఫోన్ల దుకాణం విజయేందర్ ఆయన పేరు మీద ఒక మెయిల్ తెరిచి ఇచ్చాడు. పాస్‌వర్డు తన నోటికి వచ్చింది పెట్టాడు. తర్వాత దుకాణం ఎత్తేసి హుజూరాబాద్ వెళ్ళిపోయాడు, పాస్‌వర్డూ మరిచిపోయాడు. కనుక ఆ ఫోన్‌లో తెరుచుకుని ఉన్నంతకాలమే ఆ మెయిల్ ఉన్నట్టు. వీపు పగిలి రబ్బరు బ్యాండు చుట్టుకున్నా ఆ ఫోన్‌కు ఇంకా పింఛను రాకపోవడానికి కారణం అదే. గ్యాసు బండ మొదలుకొని కూతురు నవీన పదో తరగతి హాల్ టికెట్టు, ఆపై నర్సింగు చదువు దాకా ఇంటి కాగితాలన్నింటి మీదా ఆ ఒక్క చిరునామాయే. ఏడో తరగతితో బడికి దండం పెట్టిన సదానందం ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, ఎవరు ఏం రాశారో సాయంత్రం ఇంట్లో విప్పి చెప్పేవాడు. బ్యాంకువాడు యాది చేశాడనేవాడు, గ్యాసువాడు బాగోగులు అడిగాడనేవాడు.

వాడకట్టులో ఆయనకు కథలోడని ఇంకో పేరుంది. పదిహేడేళ్ళ వయసులో బొంబాయి పక్కన భీవండి పోయి రెండేళ్ళు సాంచాలు నడిపి వచ్చాడు. అక్కడ ఒక సాంచా ఎంత పొడుగంటే, చీర భీవండిలో మొదలుపెడితే కొంగు సిరిసిల్ల బస్టాండులో తేలిందనీ, ఆ చీర వెంబడే తాను ఇంటికి నడిచొచ్చాననీ, బస్సు కిరాయి మిగిలిందనీ చెప్పేవాడు. వినేవాళ్ళకు అది కోత అని తెలుసు. వాళ్ళకు తెలుసన్న సంగతి ఆయనకూ తెలుసు.

నవీన నెల కిందట జైనూరు కొండల్లో ఒక ట్రస్టు నడిపే ఆస్పత్రికి నర్సుగా దరఖాస్తు పెట్టింది. కరీంనగర్‌లో ఇంటర్వ్యూ కూడా అయింది. సదానందం వద్దనలేదు. ఆయన దేన్నీ మొహం మీద వద్దనే మనిషి కాదు, కథ చెప్పే మనిషి. ఆదివారం అన్నం దగ్గర పులి కథ ఎత్తుకున్నాడు. జైనూరు బస్సులో ఒక పులి ఎక్కిందట. కండక్టర్ వణుక్కుంటూ టికెట్ అడిగితే అది ఆధార్ కార్డు తీసి చూపించి ఆడవాళ్ళ సీట్లో కూర్చుందట. ఆడపులి కాబట్టి టికెట్ లేదట.

"మరి ఏడ దిగింది బాపు?" అని అడిగింది నవీన, నవ్వు ఆపుకుంటూ.

"ఇంకేడ, ఆస్పత్రి కాడ."

"అయితె దానికి సూది నేనే ఏస్త తియ్యి."

ఆ కథ అక్కడికి పని చేయలేదు. మర్నాడే మెయిల్ వచ్చింది.

సాంచాల మోతలో జేబు వణికితే తీసి చూశాడు. పైన ఆస్పత్రి బొమ్మ, దాని కింద నవీన పేరు, ఆ తర్వాత జైనూరు అనే మాట. కూడబలుక్కుంటే తేలింది ఇది: నిన్ను తీసుకున్నాం, కింద ఉన్న రెండింటిలో ఒకటి నొక్కు, బుధవారం సాయంత్రం ఐదు దాటితే నీ చోటు ఇంకొకరికి పోతుంది. అడుగున గీత గీసిన నీలి మాటలు రెండు ఉన్నాయి. ఒకటి వస్తానని, రెండోది రానని. వేలు ఆనిస్తే చాలు, కబురు జైనూరు చేరిపోతుంది. సదానందం ఏ మాట మీదా వేలు పెట్టలేదు. ఫోన్ జేబులో వేసుకుని తెగిన పోగు ముడి వేశాడు.

ఆ సాయంత్రం నవీన, తనకేమన్నా వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాడు. మంగళవారం కూడా అడిగింది, అదే చెప్పాడు. రోజుకు పది కోతలు కోసే మనిషికి ఆ ఒక్క మాట గొంతులో వెంట్రుకలా అడ్డం పడింది. ఎందుకంటే ఈసారి వినే మనిషి నమ్మింది.

ఇక ఈ ఒక్క పగలు గడవాలి. ఐదు దాటితే ఆ నీలి మాటలు ఎంత నొక్కినా పలకవు. అప్పుడు, అరే, ఇదేదో వచ్చిందే, నేను చూసుకోలేదే అని తీసి చూపించవచ్చు. అమ్మాయి రెండు రోజులు ముభావంగా ఉంటుంది, ఆ తర్వాత ఊళ్ళోనే ఏదో ఒక ఆస్పత్రి చూసుకుంటుంది. ఇలా తనకు తాను నచ్చజెప్పుకుంటూ సదానందం ఏడింటికి పనిలోకి వెళ్ళాడు.

ఆ రేకుల షెడ్డులో మనుషులు నోటితో మాట్లాడుకోరు. మోతకు మాట చెవి దాకా చేరదు కాబట్టి చేతులతో, కళ్ళతో మాట్లాడుకుంటారు. దూది నూగు గాలంతా తేలుతుంటుంది. కనుబొమ్మలు, చెవులు, చాయ్ గ్లాసులు అన్నీ తెల్లబడతాయి. ఫోన్ బయటికి తీస్తే దాని అద్దం మీదా పేరుకుంటుంది. సదానందం ఎప్పుడూ ఆ మెయిళ్ళ వరుసనే తెరిచి ఉంచుతాడు. బొటనవేలితో అద్దాన్ని అడ్డంగా తుడుస్తాడు, చూస్తాడు, జేబులో వేస్తాడు. ఆ రోజు మాత్రం వరుస వైపు చూపు పోనివ్వకుండా పై మూలన టైం ఒక్కటే చూస్తున్నాడు. ఎనిమిది నలభై. తొమ్మిదికి పది తక్కువ. తొమ్మిదికి ఎనిమిది తక్కువ.

పక్క సాంచాల నాగయ్య ఈ వరస గమనించి, చెవి దగ్గర వేళ్ళు పెట్టి, గుండె మీద తట్టుకుని, ఎవరామె అన్నట్టు కన్ను గీటాడు. ఇంకో రోజైతే సదానందం ఆమెకొక పేరు పెట్టి, ఊరు పెట్టి, మొగుణ్ణి కూడా పుట్టించేవాడు. ఆ రోజు నవ్వడం కూడా మరిచిపోయాడు. రెండో సాంచా మీద పోగు తెగిన సంగతి చూసుకోలేదు. మూరన్నర బట్ట నడుమ గీత పడి దిగింది.

పదకొండున్నరకు షెడ్డు తలుపులో నవీన కనిపించింది. ఆమె అక్కడికి వచ్చి నాలుగేళ్ళయి ఉంటుంది. చెవులు మూసుకుని, సాంచాల నడుమ నుంచి ఒద్దికగా నడిచొచ్చి, ఫోన్ ఇమ్మని చెయ్యి చాచింది. తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది. తనతో పాటు ఇంటర్వ్యూకు వచ్చిన చొప్పదండి పిల్ల జ్యోతిరాణి ఇప్పుడే ఫోన్ చేసింది. ఆమెకు సోమవారమే మెయిల్ వచ్చిందట.

అయిపోయింది అనుకున్నాడు సదానందం. ఫోన్ ఆమె చేతిలో పెట్టి, దెబ్బ పడబోయే పిల్లవాడిలా సాంచా వైపు తిరిగి నిలబడ్డాడు. ఇక ఆగలేక తిరిగి చూశాడు. నవీన వేలు వరుసను పైకీ కిందికీ జరుపుతోంది. ఆయన కూడా తొంగి చూశాడు. గ్యాసు ఉంది. కరెంటు ఉంది. సోమవారం మెయిల్ లేదు.

నిన్నటి దాకా ఉన్నది లేదు. సదానందం నోరు తెరిచాడు, నోట్లోకి నూగు పోతుందని మళ్ళీ మూశాడు. నవీన పనికిరాని మెయిళ్ళు పడే చోట చూసింది, తీసేసినవి పోయే చెత్తబుట్టలోనూ చూసింది. అక్కడా లేదు. ఫోన్ తండ్రి చేతిలో పెట్టి, చెవి దగ్గరికి వంగింది.

"నాకు రాలే బాపు. ఇంటర్వ్యూల ఒక ప్రశ్నకు తడబడ్డ. గందుకే అయ్యుంటది." చిన్నగా నవ్వే ప్రయత్నం చేసి, "నువ్వు టిఫిన్ తిన్నవా?" అని అడిగింది.

తిన్నానని తల ఊపాడు. అప్పుడు చెప్పవచ్చు. చెప్పలేదు. ఆమె వెళ్ళిపోయింది.

బతికిపోయానన్న సంబరం ఒక నూలు కండె అయిపోయేంత సేపు కూడా నిలవలేదు. షెడ్డు కిటికీలోంచి చూస్తే నవీన ఇంటి దారి పట్టకుండా కరెంటు స్తంభం చాటున నిలబడి ఉంది. చున్నీతో మొహం తుడుచుకుంది. నడవబోయి ఆగి, ఇంకోసారి తుడుచుకుంది. తల్లికి తెలియకూడదని తయారవుతోంది. తెగిన పోగు ముడి వేయబోతే సదానందం వేళ్ళకు ముడి పడలేదు. ముప్పై ఏడేళ్ళుగా చీకట్లో కూడా పడే ముడి మూడుసార్లు జారింది.

ఆ మెయిల్‌ను ఆయన తీయలేదు. అది ఒట్టేసి చెప్పగలడు. మరి ఎవరు తీశారు? తాను కోరుకున్నదే జరిగింది కదా, ఇంకా ఈ గుబులేమిటి? అమ్మాయి తనను తిట్టి ఉంటే బాగుండేది. తన మీద తప్పు తానే వేసుకుని, పైగా తిన్నావా అని అడిగి పోయింది. మూడు కావచ్చేదాకా అటూ ఇటూ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆ తర్వాత నాలుగు సాంచాలూ ఒకదాని వెంట ఒకటి బంద్ చేశాడు. షిఫ్టు నడుమ నాలుగు సాంచాలు ఆపిన మనిషిని చూసి, ఎవరు పోయారని నాగయ్య చేత్తో అడిగాడు. సదానందం చెప్పులు వేసుకుని ఇంటివైపు నడిచాడు. నడక కాదది, సగం ఉరుకు.

ఇంట్లోకి అడుగు పెట్టి ఆగిపోయాడు. నర్మద ఎదురుగా నవీన కూర్చుని ఉంది. ఒళ్ళో చాట. చేతిలో కత్తెర. నర్సింగు చదువులో చేరిన నాటి నుంచి ముట్టని పని అది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, బీడీ చుడుతోంది. వేళ్ళు మరిచిపోలేదు.

"మెయిల్ వచ్చింది" అన్నాడు చెప్పులు కూడా విడవకుండా.

నర్మద చేతులు ఆగాయి. "ఏ మెయిల్?"

"జైనూరుది. సోమారం వచ్చింది. నేను చూసిన."

నవీన తలెత్తి తండ్రిని చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. "బాపు, నా పానం కుదుట పడాలని కథ చెప్పకు. ఇయ్యాల ఇనబుద్ధయితలేదు" అంది.

ఎంతటి కోతనైనా చెల్లించుకున్న మనిషి, నిజం చెల్లక గుమ్మంలో నిలబడ్డాడు.

"కథ కాదు బిడ్డా. పైన ఆస్పత్రి బొమ్మున్నది. దాని కింద నీ పేరు. అడుగున రెండు నీలం మాటలు. ఇయ్యాల అయిదింటి దాకనే అని రాసిండ్రు."

ఐదింటి సంగతి నవీన ఎవరికీ చెప్పలేదు. పొద్దున జ్యోతిరాణి చెప్పగా విని, ఇక తనకెందుకని మనసులోనే దాచుకుంది. చేతిలోని ఆకు జారి చాటలో పడింది.

"మరి ఏడున్నది?"

"అదే సమజైతలేదు."

"తీసేసినవా?"

"తియ్యలే."

నర్మద చాట పక్కకు జరిపింది. "సోమారం చూసినోనివి సోమారం మాపున రాలే అన్నవ్. మంగళారం రాలే అన్నవ్. ఇప్పుడు వచ్చింది గాని తియ్యలే అంటున్నవ్. దీంట్ల ఏది పట్టుకోవాలె మేము?"

నవీన లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే తండ్రికి కొంచెం ఊపిరాడేది.

"వద్దంటె వద్దను బాపు. నా మొఖం మీద అను. కొట్లాడుకుందుము. పొద్దటి సంది నన్ను నేనే తిట్టుకుంటున్న, నాతోని కాదు, నాకు రాదు అని. నువ్వు పక్కన నిలబడి చూసినవ్. తిన్నవా అంటె తల ఊపినవ్."

ఆయన తల దించుకున్నాడు. నవీన తన ఫోన్ తీసి జ్యోతిరాణికి కలిపింది. ఆమెకు వచ్చిన మెయిల్‌ను ఇటు పంపితే పని జరుగుతుందా అని అడిగింది. ఆ లింకు నొక్కితే జ్యోతిరాణి పేరే తెరుచుకుంటుందట, ఎవరి లింకు వాళ్ళదేనట. ఆస్పత్రి నంబరు తీసుకుని నాలుగుసార్లు చేసింది. కొండల్లో సిగ్నల్ అందక ఒక్కసారీ కలవలేదు. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది.

సదానందం అరుగు మీద కూలబడ్డాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. అద్దం మీద నూగు మెరుస్తోంది. "ఈడనే ఉండె. నా కండ్లతోని చూసిన" అంటూ బొటనవేలితో అద్దాన్ని అడ్డంగా తుడిచాడు.

"ఆగు" అంది నర్మద.

ఆమెకు ఇంగ్లీషు రాదు, ఫోన్ పట్టుకోవడం కూడా సరిగా రాదు. కాని ఇరవై ఐదు బీడీల కట్టను చూపుతోనే లెక్కపెట్టే కళ్ళు ఆమెవి. ఒకటి తక్కువైతే చేత్తో ముట్టకుండానే చెప్పేస్తుంది.

"ఇప్పుడు దాంట్ల ఆరు వరసలుండె. అయిదైనయి."

నవీన వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. "బాపు, మల్ల తుడువు. రోజు తుడిసినట్టే."

సదానందం బొటనవేలితో మళ్ళీ తుడిచాడు. పై వరసలో ఉన్న కరెంటు మెయిల్ వేలి వెంబడే పక్కకు జారి మాయమైంది. అడుగున ఆర్కైవ్ అని చిన్న అక్షరాలు ఒక్క క్షణం కనిపించి ఆరిపోయాయి. ఆ మెయిళ్ళను ఎవరూ పారేయలేదు, అవి చెత్తబుట్టలోకీ పోలేదు. వరుసలోంచి జరిగి లోపల అటక మీదికి చేరాయి, అంతే. నవీన ఆ అటక తెరిచింది. అన్ని మెయిళ్ళూ ఉండే చోటది. తెరిస్తే ఎనిమిదేళ్ళ నూగు తుడుపంతా అక్కడ పేర్చి ఉంది. వందల కొద్దీ గ్యాసులు, బ్యాంకులు, ఆమె ఇంటర్ మార్కుల మెయిల్, ఎవరో పెళ్ళికి పిలిచిన మెయిల్. వాటి పైన, సోమవారం పదకొండు గంటల నాలుగు నిమిషాలకు వచ్చినది.

"సాంచా దుమ్మనుకోని ఇంటి ఉత్తరాలన్ని ఊడ్సి పెట్టినవ్" అంది నర్మద. తిట్టబోయి ఆమెకే నవ్వు రాబోయింది. కూతురి మొహం చూసి మింగేసింది.

నవీన మెయిల్ తెరిచింది. రెండు నీలి మాటలూ అలాగే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, నడుమ వేలెడు సందు కూడా లేకుండా. ఆమె వేలు మొదటిదాని మీదికి పోయి ఆగింది. ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుంది.

"ఎందుకు చేసినవ్ బాపు? పులి గిలి వద్దు. నిజం చెప్పు."

"ఒత్తు బిడ్డా. టైం అయితున్నది."

"చెప్పినంకనే ఒత్తుత."

సదానందం గడియారం వైపు చూశాడు. నాలుగుకు ఐదు తక్కువ. ఆయన కథ మొదలుపెట్టేటప్పుడు ముందు దగ్గి, మీసం దువ్వి, చుట్టూ చూసేవాడు. ఆ రోజు అవేవీ చేయలేదు.

భీవండిలో రెండో ఏడు వానాకాలం జ్వరం పట్టుకుంది. గది లేదు, సాంచాల నడుమ సందులోనే పడక. పదిహేను రోజులు అక్కడే పడి ఉన్నాడు. అటూ ఇటూ సాంచాలు రాత్రింబవళ్ళు ఆడుతూనే ఉన్నాయి. నీళ్ళు అని అడిగేవాడు. మోతలో ఎవరికీ వినపడేది కాదు. పక్కవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళు ఇచ్చారని వీళ్ళు, వీళ్ళు ఇచ్చారని వాళ్ళు అనుకున్నారు. ఒకనాడు తన నోరు కదులుతోందా లేదా అన్నది తనకే తెలియక పెదవుల మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. జ్వరం తగ్గినాక ఇంటికి కార్డు రాశాడు. మంచిగున్న, సాంచా చాన పొడుగున్నది అని రాశాడు. అక్కడి నుంచే ఆ చీర కథ పుట్టింది. ఆ తర్వాత ఎవరు భీవండి ఎత్తినా ఆ చీరనే ఇంకో గజం పెంచుతూ వచ్చాడు.

"నువ్వు పోతనంటె నాకు గా మోతనే ఇనొచ్చింది బిడ్డా. నీకు జరమొస్తె ఎవరు చూస్తరు అనుకున్న. ఇంకేం లేదు" అన్నాడు.

నర్మద చేతిలో దారం ఉండ అలాగే ఉండిపోయింది. ఇరవై ఆరేళ్ళలో ఆ చీర కథ ఆమె వంద సార్లు విని ఉంటుంది. విన్న ప్రతిసారీ ఈ మనిషి నోటికి హద్దు లేదని నవ్వింది.

నవీన తండ్రి చెయ్యి తీసుకుని నాడి చూసేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అప్పుడు నీ కాడికి ఎంతమంది రావాలె బాపు?"

"ఒక్కలు వస్తె చాలు. ఒక్క గిలాస నీళ్ళు."

"జైనూరు అవతల గూడేలల్ల గట్లనే పండుకోని ఉంటరట. ఆస్పత్రి దాక రాలేరట. ఇంటర్వ్యూల అదే అడిగిండ్రు, నడిచి పోగలవా అని. పోత అన్న." ఆగి, మెల్లగా అంది. "నాకు జరమొస్తె చెప్త. మంచిగున్న అని రాయ. నువ్వు గూడ నాకు కథలు చెప్పు గాని, రాలే అని చెప్పకు."

సదానందం తల ఊపబోయి ఆగాడు. "ఇంక గట్ల చెప్ప" అన్నాడు నోరు తెరిచి.

అప్పుడు ఆమె మొదటి నీలి మాటను నొక్కింది. తెర తెల్లబడింది. నడుమ ఒక చిన్న సున్నా తిరగడం మొదలుపెట్టింది. ముగ్గురూ ఫోన్ మీదికి వంగారు. సున్నా తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. నెట్ అందట్లేదని నవీన ఫోన్ ఎత్తి పట్టుకుని వాకిట్లోకి నడిచింది. వెనకాలే సదానందం, ఆ వెనక ఒళ్ళో తంబాకు దులుపుకుంటూ నర్మద. నాలుగూ పదిహేడుకు తెర నిండా అక్షరాలు వచ్చాయి. వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు జైనూరులో చేరాలి.

నవీన చదివి వినిపించి, కింద ఇంకేదో ఉందని ఆగింది. ఇక మీదట డ్యూటీల కబుర్లు, జీతం చీటీలు ఏ మెయిల్‌కు పంపాలో సరిచూసుకోమని ఉంది. అక్కడ సదానందం మెయిల్ రాసి ఉంది.

"ఇదే ఉండనీ బాపు. నువ్వే చూసి చెప్పు" అంది.

"నేను చూసి చెప్పుడు చూసినవ్ గద" అన్నాడు సదానందం. "నీ ఫోన్ల మెయిలు రాయి. నీ ఉత్తరాలు నీకే రావాలె."

ఆమె రాసింది. రెండు నిమిషాలకు సదానందం ఫోన్ వణికింది. మార్చడానికి మీరు ఒప్పుకుంటే కింది లింకు నొక్కండి అని ఆ పాత చిరునామాకే వచ్చింది. నవీన ఫోన్‌ను తండ్రి చేతిలో పెట్టి పక్కకు జరిగింది.

ఒకే ఒక నీలి మాట. దాని మీద వేలు పెట్టాడు. పోగులు రాసుకుని రాసుకుని చర్మం గట్టిపడ్డ వేలు, తెర పలకలేదు. వేలు లుంగీకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. ఈసారి తీయకుండా ఆనించి ఉంచాడు. తెర ఊరికే ఉంది. "ఒత్తి పట్టద్దు బాపు. ఇట్ల ముట్టి అట్ల ఇడువు" అంది నవీన.

ముట్టి విడిచాడు. తెర మారింది. ఇంట్లో చార్జింగుకు పెట్టిన నవీన ఫోన్ టింగుమంది. ఆమె లోపలికి పరుగెత్తింది.

సదానందం వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడు. పొద్దటి నుంచి ఆడిన కాళ్ళు ఇప్పుడు ఆగాయి. లోపల నవీన జ్యోతిరాణికి ఫోన్ చేసి, ఇద్దరం ఒకే బస్సులో పోదామని చెబుతోంది.

నర్మద ఇంట్లోకి పోయి వచ్చింది. చెంబెడు నీళ్ళు తెచ్చి ఆయన ముందు పట్టుకుంది. ఆయన అడగలేదు.

"తాగు" అంది.

"దూపైతలేదు."

"ఆనాటివి. తాగు."

సదానందం చెంబు అందుకున్నాడు. రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగాడు. నీళ్ళు గడ్డం మీంచి కారి అంగీ తడిసింది. ఆయన ఆపలేదు. చెంబు ఖాళీ అయ్యేదాకా నర్మద అక్కడే నిలబడి ఉంది.